దారికి ఎంత తెలివి ఉండాలి?

2015లో 'నెట్ న్యూట్రాలిటీ' అనే మాట మన టీవీ చర్చల్లోకి వచ్చినప్పుడు దాని అర్థంలో పెద్దగా పేచీ లేదు. టెలికాం కంపెనీ ఏ వెబ్‌సైటుకూ కొమ్ముకాయకూడదు, దేనికీ అడ్డం పడకూడదు. అంతే. పదేళ్ళు తిరిగేసరికి ఆ ఒక్క మాట కిందికి రకరకాల తగాదాలు వచ్చి చేరాయి. బ్రాడ్‌బ్యాండ్‌ను టెలికాం సేవగా లెక్కగట్టి నియమాలు పెట్టే అధికారం కమ్యూనికేషన్ల కమిషన్‌కు లేదని 2025 జనవరి 2న అమెరికాలో ఒక అప్పీళ్ళ కోర్టు తేల్చింది. దక్షిణ కొరియాలో నెట్‌వర్క్ కంపెనీకీ నెట్‌ఫ్లిక్స్‌కూ మధ్య 'వీడియో మోసినందుకు కూలి ఎవరిస్తారు' అన్న వ్యాజ్యం మూడేళ్ళకు పైగా నడిచింది. అదే కూలి మన టెలికాం కంపెనీలూ అడుగుతున్నాయి. 2020 మొదట్లో కశ్మీర్‌లో ప్రభుత్వం తాను జాబితా కట్టిన సైట్లను మాత్రమే తెరవనిచ్చింది. వీటన్నిటికీ ఒకటే పేరు పెట్టి వాదించుకోవడంతో ఎవరు దేనికి జవాబు చెబుతున్నారో తెలియని పరిస్థితి వచ్చింది.

చిక్కు విప్పాలంటే చట్టాల కంటే ముందు నిర్మాణం దగ్గరికి వెళ్ళాలి. ఈ తగాదాలన్నిటి అడుగునా ఉన్నది ఇంటర్నెట్‌తో పాటే పుట్టిన ఒక ఇంజినీరింగ్ ప్రశ్న: పంపేవాడికీ అందుకునేవాడికీ నడుమ ఉన్న దారికి ఎంత తెలివి ఉండాలి?

ట్రంక్ కాల్‌కు ఎదురు తిరిగినవాళ్ళు

ట్రంక్ కాల్ రోజుల్లో విజయవాడ నుంచి బొంబాయికి లైను కలిసిందంటే, మాట్లాడినంతసేపూ ఆ దారి ఆ ఇద్దరిదే. ఇద్దరూ నోరు మెదపకుండా కూర్చున్నా మూడోవాడికి దక్కదు. ఎవరిని ఎవరితో కలపాలి, ఎంత బిల్లు వేయాలి అన్నది ఎక్స్ఛేంజికి తెలుసు. చేతిలోని ఫోనుకు ఏమీ తెలియదు. తెలివంతా నడుమనే, అంచులు మొద్దు.

దీన్ని తిరగేయాలన్న ఆలోచన 1960లలో రెండు చోట్ల విడివిడిగా పుట్టింది. అమెరికాలో ర్యాండ్ సంస్థలో పాల్ బారన్ అణుదాడి జరిగినా తెగిపోని సమాచార వ్యవస్థ కోసం వెతికాడు. బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఖరీదైన కంప్యూటర్లను నలుగురూ పంచుకునే మార్గం కోసం వెతికాడు. ఇద్దరూ ఒకే చోటికి చేరారు: సందేశాన్ని ముక్కలు చేయాలి, ప్రతి ముక్క మీదా చిరునామా రాయాలి, ఏ దారి దొరికితే ఆ దారిన పంపాలి. ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టింది డేవిస్. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలిస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు అర్పానెట్ అనే ప్యాకెట్ నెట్‌వర్క్ మీద తొలి సందేశం వెళ్ళింది. 'లాగిన్' అని పంపబోతే మొదటి రెండు అక్షరాలకే అవతలి యంత్రం కుప్పకూలింది.

ప్యాకెట్లు వచ్చినంత మాత్రాన నడుమ ఉన్నవాడి తెలివి పోలేదు. ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్ మరో అడుగు వేశాడు. ప్యాకెట్ చేరుతుందని గానీ, వరసలో చేరుతుందని గానీ నెట్‌వర్క్ మాట ఇవ్వనక్కర్లేదు, పోయినవాటిని మళ్ళీ పంపుకోవడం, వరస సరిచేసుకోవడం అంచుల్లోని కంప్యూటర్లే చూసుకుంటాయి అన్నాడు. 1974లో వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ రాసిన పత్రం ఈ దారినే పట్టింది. టెలిఫోన్ కంపెనీలకు ఇది రుచించలేదు. 1976లో వాళ్ళు ఎక్స్.25 అనే ప్రమాణం తెచ్చారు. అందులో ప్యాకెట్లున్నా, వాటిని వరసగా చేర్చే బాధ్యతా పెత్తనమూ నెట్‌వర్క్‌దే. ఈ పోటీలో చివరికి గెలిచింది సెర్ఫ్, కాన్‌ల పత్రం నుంచి పుట్టిన టీసీపీ/ఐపీ. 1983 జనవరి 1న అర్పానెట్ మొత్తం దానికి మారింది.

ఈ పద్ధతికి సిద్ధాంతం కట్టినవాళ్ళు సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్. 1981లో వాళ్ళు చెప్పిన ఉదాహరణ చాలా మామూలుది. ఒక ఫైలును ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపుతున్నాం. దారిలో ప్రతి మజిలీలోనూ తనిఖీ పెట్టాం. అయినా ఆఖరి కంప్యూటర్ డిస్కు మీద రాసేటప్పుడు తప్పు దొర్లవచ్చు. కాబట్టి చివర్లో తనిఖీ ఎలాగూ తప్పదు. అది తప్పనప్పుడు దారిపొడవునా చేసిన తనిఖీలు పని వేగం పెంచడానికి పనికొస్తాయేమో గానీ, వాటిని నమ్ముకుని ఉండలేం. వాళ్ళు చెప్పింది ఇంతవరకే. నడుమ ఎవరూ ఏమీ చేయకూడదని ఆ పత్రం ఎక్కడా శాసించలేదు. తర్వాతివాళ్ళు దాన్ని వేదవాక్కు చేశారు.

ఎనిమిది బిట్ల గడి

ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో ఒకటి పంపితే, అది 1,500 బైట్ల లోపు ముక్కలుగా తెగి రెండు వేలకు పైగా ప్యాకెట్లవుతుంది. పాత ఐపీ పద్ధతిలో ప్రతి ప్యాకెట్ నెత్తినా కనీసం 20 బైట్ల చీటీ ఉంటుంది. అందులో పంపినవారి చిరునామా, చేరాల్సిన చిరునామా ఉంటాయి. ఆయుష్షు లెక్క ఒకటి ఉంటుంది. ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గి, సున్నాకు చేరిందంటే ఆ ప్యాకెట్‌ను పారేస్తారు. దారి తప్పినవి ఎల్లకాలం తిరుగుతూ ఉండకుండా చేసిన ఏర్పాటు ఇది. లోపలున్నది పెళ్ళి ఫొటోనా, బ్యాంకు లావాదేవీనా అని అడిగే పని రౌటర్‌కు లేదు.

అయితే ఆ చీటీలో రెండో బైటు చూడాలి. ఎనిమిది బిట్ల ఆ గడికి 1981 నాటి ప్రమాణ పత్రం పెట్టిన పేరు 'సేవ రకం'. అందులో మూడు బిట్లు ప్రాధాన్యానికి. 'రొటీన్' నుంచి 'ఫ్లాష్', 'ఫ్లాష్ ఓవర్‌రైడ్' మీదుగా పైకి ఎనిమిది మెట్లున్నాయి. పేర్లు చూస్తేనే సైనిక వాసన కొడుతుంది. అంటే కొన్ని ప్యాకెట్లు ముందు, కొన్ని వెనక అన్న ఆలోచన ఇంటర్నెట్ పుట్టుకలోనే ఉంది. ఆదిలో అన్ని ప్యాకెట్లూ సమానమే అనేవాళ్ళు ఈ గడిని దాటవేస్తారు. దీన్నే జెండాలా ఎత్తి చూపేవాళ్ళు ఇంకో సంగతి దాటవేస్తారు. ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌లోకి అడుగుపెట్టగానే ఆ గుర్తును చెరిపేయడమో, పట్టించుకోకపోవడమో మామూలు. ఎవరి ప్యాకెట్ మీద వాళ్ళు 'అర్జెంటు' అని రాసుకోగలిగినప్పుడు పక్కవాడు నమ్మడు కదా.

లష్కర్ లేని కాలువ

1986 అక్టోబర్‌లో ఇంటర్నెట్ మొదటిసారి ఊపిరాడక పడిపోయింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ దూరం అర కిలోమీటరు కూడా లేదు. వాటి మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు జారింది. రద్దీలో ప్యాకెట్లు పోయేవి, పోయాయని ప్రతి కంప్యూటరూ మళ్ళీ పంపేది, దాంతో రద్దీ ఇంకా పెరిగేది.

నీటి వంతులు తెలిసినవారికి ఇది కొత్త కథ కాదు. ఎగువ రైతులు తూములు బార్లా తెరిస్తే చివరి ఆయకట్టు ఎండుతుంది. కాలువల మీద దీనికి మందు లష్కర్: ఎవరి తూము ఎప్పుడు దించాలో చెప్పే మనిషి. వాన్ జేకబ్సన్ 1988లో చూపిన పరిష్కారంలో లష్కర్ లేడు. ప్యాకెట్ పోయిందని తెలిసిన కంప్యూటర్ తన తూము తానే దించుకుంటుంది. తర్వాత కొద్దికొద్దిగా ఎత్తి చూస్తుంది. కోట్ల యంత్రాలు ఏ అధికారీ చెప్పకుండా ఇలా తగ్గుతూ పెరుగుతూ ఉండబట్టే నెట్ నడుస్తోంది. అంచులకే తెలివి ఉంటే చాలు అనేవారికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

లొసుగూ ఇక్కడే ఉంది. ఈ మర్యాద లెక్క కనెక్షన్‌కు ఒకటి చొప్పున, మనిషికి ఒకటి చొప్పున కాదు. ఒకే పొలానికి పది తూములు తవ్వుకున్నవాడికి పది వంతులు వస్తాయి. ఫైళ్ళు పంచుకునే బిట్‌టొరెంట్ చేసింది అదే. 2007లో అమెరికన్ కంపెనీ కామ్‌కాస్ట్ ఆ కనెక్షన్ల మధ్యలోకి దొంగ ప్యాకెట్లు దూర్చి, అవతలివాడే లైను కట్ చేశాడని నమ్మించి తెగ్గొట్టడం బయటపడింది. గొడవయ్యాక అదే కంపెనీ ఏ అప్లికేషన్ అని చూడకుండా, రద్దీ వేళ ఎక్కువ వాడుతున్నవారికి వేగం తగ్గించే పద్ధతికి మారింది. రద్దీ నిజమే. దానికి మందు వివక్ష ఒక్కటే అన్న మాటే నిజం కాదని ఆ కంపెనీ తన చేతులతోనే రుజువు చేసింది. ఈ ఉదంతంలోని ఈ రెండో సగం చర్చల్లో ఎక్కువగా వినబడదు.

వెబ్ అద్దెకున్న ఇల్లు

ఇంటర్నెట్, వెబ్ అనే రెండు మాటల్ని మనం ఒకటిగా వాడేస్తాం. మొదటిది ప్యాకెట్లు మోసే దారి, రెండోది ఆ దారిని వాడుకునే అనేక పనుల్లో ఒకటి. 1989 మార్చిలో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌కు ప్రతిపాదన రాశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. నడుమ ఏ టెలిఫోన్ కంపెనీ అనుమతీ అడగాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఎక్స్.25 లోకంలో అయితే అడగాల్సి వచ్చేది.

వెబ్ వచ్చాక మాత్రం 'ఒక సైటు తెరవడం' అన్న పని చూసినంత సులువు కాకుండా పోయింది. పేరు టైపు చేయగానే ఫోను ముందు డీఎన్ఎస్‌ను అడిగి ఆ పేరుకు అంకెల చిరునామా తెచ్చుకుంటుంది. 'నెట్ ఉంది గానీ సైటు రావట్లేదు' అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ మెట్టు దగ్గరే ఆగినవి. తర్వాత తాళం మాటలు కలుస్తాయి, అప్పుడు పేజీ వస్తుంది. వచ్చిన పేజీ ఒక్కచోటి నుంచి రాదు. అక్షరాల ఫాంట్లు ఒకచోట, బొమ్మలు ఇంకోచోట, ప్రకటనలు మరెక్కడో ఉంటాయి. కశ్మీర్‌లో అనుమతి జాబితా పెట్టినప్పుడు దెబ్బతిన్నది ఇక్కడే. జాబితాలో సైటు పేరుంది, ఆ సైటు పిలిచే మిగతా పది చిరునామాలు లేవు. పేజీ సగమే తెరుచుకుంటుంది. వెబ్‌ను పుస్తకాల బీరువా అనుకున్నవాళ్ళకే అలాంటి జాబితా తడుతుంది.

ముగ్గురు మూడు భయాలు

2003లో, అప్పటికి వర్జీనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడైన టిమ్ వూ నెట్ న్యూట్రాలిటీ అనే పదాన్ని వాడుకలోకి తెచ్చినప్పటి నుంచి పండితులు స్థూలంగా మూడు వైపుల నిలబడ్డారు. ఎవరు ఏ వైపున్నారో తెలియాలంటే వాళ్ళ భయం ఏమిటో చూస్తే చాలు.

వూ, బార్బరా వాన్ షీవిక్ లాంటివారి భయం ద్వారపాలకుడు. దారి ఉన్నవాడికి ఎంచే అధికారమిస్తే రేపటి బెర్నర్స్-లీ అనుమతి కోసం క్యూ కట్టాలి, డబ్బున్న పాతకాపుకే వేగం దక్కుతుంది. క్రిస్టఫర్ యూ ముందుండి నడిపిన రెండో వర్గం భయం గడ్డకట్టుకుపోవడం. ఒకే రకం దారి అందరికీ అని చట్టం చేస్తే కొత్త రకం దారులు పుట్టవు, శస్త్రచికిత్స వీడియోకూ పిల్లి వీడియోకూ ఒకే క్యూ ఏమిటి అని వాళ్ళ ప్రశ్న. మూడో గొంతు డేవిడ్ క్లార్క్‌ది. 1981 పత్రం రాసిన ముగ్గురిలో ఒకడైన ఆయనే 2001, 2002లలో సహచరులతో కలిసి, నెట్‌లో ఇక అందరి ప్రయోజనాలూ ఒకటి కావని, పెనుగులాట తప్పదని, గెలుపును ముందే డిజైన్‌లో రాసిపెట్టకుండా పెనుగులాటకు చోటు ఉంచే నిర్మాణం కావాలని రాశాడు. వీళ్ళ భయం ఎవరో ఒకరు పూర్తిగా గెలవడం.

టీసీపీ కలిసి కట్టిన ఇద్దరూ ఈ విషయంలో చెరో దారి పట్టారు. గూగుల్‌లో చేరిన సెర్ఫ్ 2006లో అమెరికన్ సెనేట్ ముందు న్యూట్రాలిటీ చట్టం కావాలని సాక్ష్యం చెప్పాడు. కాన్ 2007లో అది నినాదమే తప్ప మరొకటి కాదని, నెట్‌వర్క్ లోపలి ప్రయోగాలకు సంకెళ్ళు వేయొద్దని హెచ్చరించాడు. కాబట్టి 'ఇంటర్నెట్ నిర్మాతల ఉద్దేశం' అని ఎవరైనా మొదలుపెడితే, ఏ నిర్మాతది అని అడగవచ్చు.

ఆరు రాష్ట్రాల ప్రయోగం

మన దేశంలో ఈ చర్చకు పదును వచ్చిన ఘట్టంలో తెలుగువారు మొదటి వరసలోనే ఉన్నారు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్‌ను మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. తెలుగు దాని భాషల్లో ఒకటి. కొన్ని సైట్లు ఉచితం, మిగతా నెట్‌కు డబ్బు కట్టాలి. ఆ ఏడాదే దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. ఏమీ లేనివాడికి కొంతైనా మేలే కదా అన్నది అనుకూలుర మాట. పేదవాడికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్ ఎంచినంత మేరే అన్న అర్థం స్థిరపడుతుంది అన్నది వ్యతిరేకుల మాట. ఇందులో ద్వారపాలకుడు టెలికాం కంపెనీ కాదు. ఉచిత సైట్లకు వెళ్ళే ప్యాకెట్లు ఫేస్‌బుక్ మధ్యవర్తి సర్వర్ మీదుగా వెళ్ళేవి. ఆ వివరానికి అప్పుడు దక్కాల్సినంత చర్చ దక్కలేదు.

అదే ఏడాది మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వేసిన సంప్రదింపు పత్రానికి జవాబుగా పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, కంటెంట్‌ను బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేలు, మొత్తంగా 50 లక్షల దాకా జరిమానా. 2017 నవంబర్ సిఫార్సులు, 2018 జులై ఆమోదంతో అడ్డుకోవడం, వేగం తగ్గించడం, ఒకరిని ముందుకు నెట్టడం కూడా నిషిద్ధాలయ్యాయి. ప్రపంచంలోని గట్టి నియమాల్లో ఇవి ఒకటి.

ఉచిత నెట్ వాదం చావడానికి ఆ నియమం ఒక్కటే కారణమంటే అతిశయోక్తి. 2016లోనే సెప్టెంబర్ 5న జియో వచ్చింది. 2014లో ఒక జీబీకి సగటున దాదాపు 269 రూపాయలున్న ధర 2018 నాటికి 12 రూపాయల లోపుకు దిగింది. మొత్తం నెట్ అంత చవకయ్యాక అందులో ముక్క ఉచితంగా ఇస్తామంటే ఎవరికి కావాలి? ధర మళ్ళీ పెరిగే రోజు వస్తే ఆ పాత వాదం మళ్ళీ లేవదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నడుమ స్థలం మారింది

2006లో సెనేటర్ టెడ్ స్టీవెన్స్ ఇంటర్నెట్‌ను గొట్టాల వరస అన్నందుకు లోకమంతా నవ్వింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే టీ-ఫైబర్ కేబుల్ వేశారు గనుక, మనం మరీ అంత నవ్వనక్కర్లేదు. ఆ పోలికలో అసలు లోపం వేరే ఉంది. గొట్టం ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా, నీళ్ళ ట్యాంకు ఎవరి వీధిలో ఉందన్నది దాని చేతిలో లేదు.

నెట్‌ఫ్లిక్స్, గూగుల్ లాంటి కంపెనీలు ఎక్కువమంది చూసే వీడియోల నకళ్ళను సొంత పెట్టెల్లో నింపి, నెట్‌వర్క్ కంపెనీల భవనాల్లోనే పెట్టిస్తాయి. హైదరాబాద్‌లో రాత్రి చూసే సినిమా సముద్రాలు దాటి రాదు, ఊళ్ళోని పెట్టె నుంచే వస్తుంది. రౌటర్ ఎవరికీ దారి వదలక్కర్లేదు, దగ్గరున్నవాడికి వేగం దానంతటదే వస్తుంది. ఇందులో తప్పు లేదు, పైగా దూరపు తీగల మీద భారం తగ్గుతుంది. కానీ చిన్న తెలుగు వార్తాసైటుకు అలాంటి పెట్టె సొంతంగా ఉండదు, అద్దెకు తీసుకోవాలి. ట్రాయ్ 2017 సిఫార్సులు ఈ పెట్టెల వ్యవస్థను నియమాల పరిధి నుంచి తప్పించాయి. రోడ్డు మీద సమానత్వాన్ని కాపాడి, గోదాముల్ని లెక్క నుంచి తీసేసినట్టయింది. ఈ చర్చ మొత్తంలో నాకు కనబడే పెద్ద ఖాళీ ఇదే.

ఇంకో మార్పు కంటికి కనబడనిది. 2021లో ప్రమాణంగా స్థిరపడిన క్విక్ పద్ధతి, మునుపు టీసీపీలో బయటికి కనబడే వివరాల్లో చాలావాటిని కూడా తాళం కింద పెట్టింది. నెట్‌వర్క్ మొద్దుగా ఉండాలా వద్దా అని న్యాయస్థానాలు తర్జనభర్జన పడుతుండగానే, బ్రౌజర్లు రాసే కంపెనీలు దాని కళ్ళకు గంతలు కట్టేశాయి. టెలికాం కంపెనీలకు ఇది కష్టంగా ఉంది. ప్రభుత్వాలకు ఇంకా కష్టంగా ఉంది. తెలివి అంచులకే చేరిందని మొదటి వర్గం సంబరపడవచ్చు గానీ, ఆ అంచు ఇప్పుడు మన చేతి ఫోను కాదు. ఫోనూ బ్రౌజరూ డేటా సెంటరూ మూడూ తమ చేతిలోనే ఉన్న ఒకటి రెండు కంపెనీలు.

ఇంకా తేలనివి

కూలి తగాదా తేలలేదు. వీడియో కంపెనీలు మా తీగలు నింపేస్తున్నాయి, 5జీ ఖర్చులో వాటా ఇవ్వాలి అని ఇక్కడా, ఐరోపాలోనూ టెలికాం కంపెనీల వాదన. ఆ వీడియోను ఎవరూ మీ మీదికి తోయలేదు, డేటాకు డబ్బు కట్టిన చందాదారు అడిగితేనే వచ్చింది, ఒకే బస్సుకు రెండు టికెట్లా అని అవతలివారి జవాబు. పంపేవాడు చెల్లించే పద్ధతిని 2016లోనే నెట్‌వర్క్ కంపెనీల మధ్య తెచ్చిన కొరియానే ఇక్కడ పరీక్షా క్షేత్రం. అక్కడ నెట్‌ఫ్లిక్స్, ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్ 2023 సెప్టెంబర్‌లో రాజీపడ్డాయి. ప్రత్యక్ష వీడియో ప్రసారాల సైటు ట్విచ్ మాత్రం నెట్‌వర్క్ రుసుములు భరించలేనంటూ 2024 ఫిబ్రవరిలో దేశం వదిలింది. పెద్దవాడు బేరమాడుకున్నాడు, రెండోవాడు సర్దుకుని వెళ్ళిపోయాడు.

అమెరికా అనుభవం ఎవరికీ పూర్తి సాక్ష్యం కాలేకపోయింది. 2015లో నియమాలు, 2017లో రద్దు, 2024లో పునరుద్ధరణ, 2025లో కొట్టివేత. రద్దయితే నెట్ ముక్కలైపోతుందన్న జోస్యమూ, రద్దయితే పెట్టుబడులు పోటెత్తుతాయన్న జోస్యమూ రెండూ స్పష్టంగా ఫలించలేదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు సొంత చట్టాలు నిలుపుకోవడంతో అసలు ప్రయోగం శుద్ధంగా జరగనే లేదు.

మన దగ్గర నియమాలు కంపెనీల చేతులు కట్టాయి, ప్రభుత్వం చేతులు కాదు. పరీక్షలకో అల్లర్లకో ఒక జిల్లాలో నెట్ మొత్తం ఆపేసినప్పుడు అది న్యూట్రాలిటీ ఉల్లంఘన కిందికి రాదు. అన్ని ప్యాకెట్లనూ సమానంగానే ఆపారు మరి.

మిగిలింది 5జీ. ఒకే టవర్ మీద విడివిడి పొరలు చేసి, ఒక పొరకు ఇంత వేగం తప్పకుండా ఇస్తామని అమ్ముకునే వీలు అందులో ఉంది. ఆసుపత్రికి వేరే పొర ఇస్తే 'ప్రత్యేక సేవ', గేమ్ కంపెనీకి ఇస్తే 'డబ్బున్నవాడి లైను'. రెండింటికీ వాడే యంత్రాంగం ఒకటే, గీత ఎక్కడ గీయాలో ఏ దేశమూ నికరంగా చెప్పలేదు. 1981 నాటి ఎనిమిది బిట్ల గడిలో 'అర్జెంటు' అని రాస్తే పక్క కంపెనీ పొలిమేరలో చెరిపేసేవారు. ఇప్పుడు ఫోను నుంచి టవర్ దాకా, టవర్ నుంచి అదే భవనంలో ఉన్న వీడియో పెట్టె దాకా దారంతా ఒకే కంపెనీ ప్రాంగణంలో ఉంది. దాటాల్సిన పొలిమేర లేదు, చెరిపే చెయ్యీ లేదు.